పవర్ స్టీరింగ్ లోపాలు – నిర్ధారణ

కారు ముందు చక్రాలను మళ్లించేటప్పుడు డ్రైవరు చేతి బలానికి నూనె ఒత్తిడినో, విద్యుత్ మోటారునో తోడు చేసే ఏర్పాటును పవర్ స్టీరింగ్ అంటారు. అది తోడు మాత్రమే. చేతిలోని స్టీరింగ్ నుంచి ముందు చక్రాల దాకా కడ్డీలు, పళ్లచక్రాలు, కీళ్లతో ఇనుప సంబంధం ఎలాగూ ఉంటుంది. తోడు పోయినా బండి తిరుగుతుంది, కాకపోతే కష్టంగా తిరుగుతుంది. కాబట్టి లోపం వెతికేవారు ముందు తేల్చుకోవలసింది, చెడింది తోడా, సంబంధమా అన్నది. ఈ రెండింటికీ చెందని మూడో కారణం టైరు. "పవర్ స్టీరింగ్ పోయింది" అంటూ షెడ్డుకు వచ్చిన బండికి గాలి కొట్టించి పంపేసిన సందర్భాలు ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు.

ఈ ఏర్పాటుకు వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో పియర్స్-ఆరో కంపెనీ ట్రక్కుల విభాగంలో పనిచేసిన ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలో నూనె ఒత్తిడితో నడిచే స్టీరింగ్‌ను తయారుచేశాడు. జనరల్ మోటార్స్ ముందు ఆసక్తి చూపింది గానీ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఖర్చుకు జంకి వెనక్కి తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ స్టీరింగ్ సైనిక వాహనాలకెక్కింది. మామూలు జనం కొనుక్కునే కారులో కనిపించింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. విద్యుత్ మోటారు రకం 1988లో జపానులో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో మొదలైంది. మన దేశంలో అంబాసిడర్, మారుతి 800 నడిపిన తరానికి స్టీరింగంటే భుజాల పనే. ఇప్పుడు మన రోడ్ల మీద కొత్త చిన్న కార్లలో ఉండేది దాదాపుగా విద్యుత్ రకమే. నూనె రకం పాత కార్లలోనూ, కొన్ని పెద్ద బళ్లలోనూ, లారీలూ బస్సుల్లోనూ కనిపిస్తుంది.

లోపల జరిగేది

నూనె రకంలో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, నూనె డబ్బా, ఒత్తిడిని తట్టుకునే హోస్ పైపు, తిరుగు పైపు, చక్రాలను మళ్లించే పళ్ల కడ్డీ అయిన ర్యాకు ఉంటాయి. పెద్ద బళ్లలో ర్యాకుకు బదులు స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. స్టీరింగ్ కడ్డీ అడుగున టోర్షన్ బార్ అనే సన్నటి ఉక్కు కడ్డీ ఒకటుంది. డ్రైవరు స్టీరింగ్ తిప్పగానే, టైర్లు నేలను పట్టుకుని మొరాయిస్తాయి కాబట్టి, ఈ కడ్డీ రవ్వంత మెలిపడుతుంది. ఆ మెలికతో వాల్వు తెరుచుకుని, నూనె ర్యాకులోని పిస్టన్‌కు అవసరమైన పక్కకు వెళ్లి తోస్తుంది. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి కొద్ది బార్లే. నిలబెట్టిన చోటే పూర్తిగా తిప్పితే చాలా కార్లలో 70 నుంచి 100 బార్ల దాకా పోతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు మాత్రమే. ఆ హోస్ ఎందుకంత మందంగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పాత హోసు మీద గొట్టం, లోహపు మెడ కలిసే చోటే నూనె చెమర్చడానికీ కారణం ఇదే.

విద్యుత్ రకంలోనూ టోర్షన్ బార్ ఉంటుంది. అక్కడ మెలికపడితే వాల్వు మాత్రం తెరుచుకోదు. ఎంత మెలికపడిందో టార్క్ సెన్సరు కొలుస్తుంది, కంట్రోల్ యూనిట్ దానికి బండి వేగాన్ని కలిపి లెక్కగట్టి మోటారుకు కరెంటు పంపుతుంది. నెమ్మదిగా పోతుంటే ఎక్కువ సాయం, హైవే మీద తక్కువ. చిన్న కార్లలో ఈ మోటారు డ్యాష్‌బోర్డు కింద స్టీరింగ్ కాలమ్‌కే తగిలించి ఉంటుంది, పెద్దవాటిలో కింద ర్యాకు మీద ఉంటుంది. రెండింటికీ మధ్య రకం ఒకటుంది. అందులో తోసేది నూనే, పంపును తిప్పేది మాత్రం విద్యుత్ మోటారు. ఐరోపాలో 1998లో వచ్చిన ఓపెల్ ఆస్ట్రాలో ఇదే వాడారు.

ఎప్పుడు, ఎటు, ఎంత వేగంలో

స్కానర్ తగిలించడానికి ముందు బండి యజమానిని ఈ మూడూ అడగాలి. చాలా షెడ్లలో అడగరు. సగం నిర్ధారణ ఈ జవాబుల్లోనే ఉంటుంది కాబట్టి, అడగకపోవడం పని చెడగొట్టుకోవడమే.

నిలబడ్డ చోట బరువుగా ఉండి, బండి కదిలాక సర్దుకుంటే సాయం తగ్గిందని అర్థం. పార్కింగులో హాయిగా తిరుగుతూ, ఎనభై వేగంలో బండి రోడ్డు మీద అటూ ఇటూ తచ్చాడితే పంపునూ మోటారునూ వదిలేసి కీళ్లూ అలైన్‌మెంటూ చూడాలి. ఎడమకు తేలిగ్గా, కుడికి బరువుగా తిరిగితే పంపు తప్పు కాదు. రెండు వైపులకూ నూనె పంపేది ఆ ఒక్క పంపే కాబట్టి, అది బలహీనపడితే రెండు వైపులా బరువవ్వాలి. ఒక వైపే బరువంటే వాల్వులోనో, ర్యాకు పిస్టన్ సీళ్లలోనో నూనె అడ్డదారి పడుతోందన్నమాట. ఈ చిన్న తర్కం తెలియక మార్చిన పంపులు ఎన్నో.

వాన పడ్డప్పుడే బరువవుతుంటే వదులైన బెల్టు తడిసి జారుతోంది. ఏసీ వేసుకుని చిన్న ఇంజిన్ బండిని పార్కింగులో పూర్తిగా తిప్పేసరికి ఇంజిన్ ఆగిపోతుంటే లోపం స్టీరింగ్‌లో ఉండకపోవచ్చు. పంపు భారం పెరిగిందని ఇంజిన్ కంప్యూటరుకు చెప్పే ప్రెషర్ స్విచ్ చెడితే, ఐడ్లింగ్ పెంచాలని ఇంజిన్‌కు తెలియదు.

పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు రాయిలా ఉండి, పది నిమిషాలు నడిచాక మామూలైపోవడం మరో రకం. 1980లలో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకు ఇది ఎంతగా వచ్చిందంటే, అక్కడి మెకానిక్‌లు గర్భిణుల వేవిళ్లకు వాడే పేరే దీనికీ పెట్టారు. వాల్వు చుట్టూ తిరిగే టెఫ్లాన్ రింగులు అల్యూమినియం గూటిని అరగదీసి గాళ్లు పెట్టేవి. చల్లగా ఉన్నప్పుడు రింగులు బిగుసుకుని ఆ గాళ్ల గుండా నూనె జారిపోయేది, వేడెక్కాక రింగులు వ్యాకోచించి మూసుకునేవి. మధ్యాహ్నం షెడ్డుకు తెస్తే ఏ లోపమూ కనిపించదు. ఇలాంటి ఫిర్యాదు ఉన్న బండిని రాత్రి షెడ్డులోనే ఉంచుకుని తెల్లవారి మొదటి స్టార్టును స్వయంగా చూడాలి.

చప్పుళ్లు

తిప్పుతున్నంతసేపూ మూలుగుతూ, ఇంజిన్ వేగంతో పాటు స్వరం పెంచే చప్పుడు పంపుది. కారణం చాలాసార్లు పంపు అరుగుదల కాదు, నూనెలో గాలి. డబ్బా మూత తీసి చూస్తే నూనె పైన పాల నురుగులాంటి బుడగలు కనబడతాయి. గాలి లోపలికి వచ్చేది పంపు పీల్చుకునే వైపు, అంటే డబ్బా నుంచి పంపుకు వచ్చే మెత్తటి రబ్బరు పైపు దగ్గర. అక్కడ ఒత్తిడి ఉండదు కాబట్టి నూనె బయటికి కారకపోయినా గాలి లోపలికి దూరుతుంది. కారుతున్న చోటు వెతుకుతూ కూర్చుంటే ఇది దొరకదు. క్లిప్పులు మార్చి బిగించడానికి ఖర్చు వందల్లోనే ఉంటుంది.

పూర్తిగా తిప్పిన కొసన కీచుమంటే బెల్టు. రెండు కొసల దగ్గర వినిపించే బుస్సుమనే చప్పుడు మామూలే, నూనె రిలీఫ్ వాల్వు గుండా పోతోంది. అయితే ఆ కొసన పట్టి ఉంచకూడదు. ఐదారు సెకన్లు దాటితే నూనె మరిగి పంపును తినేస్తుంది. గుంతలో పడ్డప్పుడు టకటకలాడితే ర్యాక్ ఎండ్, టై రాడ్ ఎండ్, స్టెబిలైజర్ లింకు, ర్యాకు బుష్ అనుమానితులు. విద్యుత్ రకంలో, బండి ఆగి ఉన్నప్పుడే స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటూ ఇటూ ఊపితే డ్యాష్‌బోర్డు కింద టిక్ టిక్‌మంటే కాలమ్ మోటారుకూ వార్మ్ గేరుకూ మధ్య ఉన్న రబ్బరు కప్లింగ్ అరిగి ఉంటుంది. చిన్న ముక్కే గానీ, దాన్ని మార్చడానికి కాలమ్ మొత్తం దించాలి.

చేతి పరీక్షలు

అన్నిటికంటే విలువైన పరీక్షకు జాకీ చాలు. బండి ముందు భాగాన్ని లేపి స్టాండ్ల మీద నిలపాలి, ఒక్క జాకీ మీద వదలకూడదు. స్టీరింగ్ లాక్ తెరుచుకునేలా తాళం తిప్పి, ఇంజిన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నెమ్మదిగా తిప్పాలి. టైరుకు నేల ఒరిపిడి లేదు కాబట్టి సాయం లేకుండానే ఒకే తీరుగా తిరగాలి. ఎక్కడైనా బిగుసుకుంటే లోపం ఇనుప సంబంధంలోనే. బిగుసుకుని, వదిలి, మళ్లీ బిగుసుకుంటుంటే కాలమ్ అడుగున ఉన్న యూనివర్సల్ జాయింట్ తుప్పు పట్టింది. అంతటా బిగువుగా ఉంటే రెండు టై రాడ్ ఎండ్లనూ విప్పి మళ్లీ తిప్పి చూడాలి. ఇప్పుడు తేలికైతే బాల్ జాయింటో, స్ట్రట్ పైనున్న బేరింగో పట్టేసింది. అలాగే ఉంటే ర్యాకులోనో, కాలమ్‌లోనో ఉంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం లేదన్న ఫిర్యాదుకూ ఇదే పరీక్ష.

చక్రాలు గాల్లో ఉండగానే, నూనె రకమైతే, ఇంజిన్ స్టార్టు చేసి స్టీరింగ్ వదిలేయాలి. తనంతట తాను ఒక పక్కకు తిరగడం మొదలుపెడితే వాల్వు మధ్యస్థానం తప్పింది. బండి ఒకవైపు లాగుతోందంటే ముందు టైర్లలో గాలి, తర్వాత రెండు ముందు టైర్లనూ అటుదిటు మార్చి చూడటం, ఆ తర్వాత పట్టేసిన బ్రేకు, అలైన్‌మెంటు. వాల్వు వీటన్నిటి తర్వాతే.

వదులును, అంటే మన మెకానిక్‌లు 'ప్లే' అనేదాన్ని పట్టడానికి ఇద్దరు కావాలి. ఈసారి చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాల్లో జరిగినంత మేర చకచకా అటూ ఇటూ ఆడిస్తుంటారు. రెండోవారు కింద పడుకుని ఒక్కో కీలును వేళ్లతో పట్టుకుంటారు. టై రాడ్ ఎండ్ అరిగి ఉంటే కడ్డీ కదిలిన తర్వాత గుండు కదులుతుంది. ఆ తేడా కంటికి ఆనకముందే, కప్పుకీ కడ్డీకీ అడ్డంగా పెట్టిన బొటనవేలికి తగులుతుంది. ర్యాకు మొత్తం బాడీ మీద పక్కకు జరుగుతుంటే బుష్ పోయింది. అనుభవమున్నవాళ్లు ఈ పనికి లైటు కూడా అడగరు.

బరువు అనేది మాటల్లో చెప్పే కొద్దీ మారిపోతుంది. దాన్ని కొలవడానికి చేపలు తూచే స్ప్రింగు త్రాసు చాలు. ఇంజిన్ వేడెక్కి, బండి చదునైన నేల మీద ఉండగా, స్టీరింగ్ అంచుకు త్రాసు కొక్కెం తగిలించి లాగితే కొన్ని కార్ల మాన్యువళ్ల ప్రకారం 3 కిలోల దగ్గర కదలాలి. రెండు వైపులా లాగి రాసుకుంటే యజమాని 'బరువు'కూ మెకానిక్ 'బరువు'కూ ఉన్న పేచీ తీరిపోతుంది.

పంపా, ర్యాకా

నూనె రకంలో ఖర్చంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. అంచనా మీద తేల్చకూడదు. పంపుకూ ర్యాకుకూ మధ్య, మూసే వాల్వు ఉన్న ప్రెషర్ గేజి బిగించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆ వాల్వును మూస్తే పంపు ఇవ్వగలిగిన పూర్తి ఒత్తిడి గేజి మీద కనిపిస్తుంది. ఐదు సెకన్లకు మించి మూసి ఉంచితే మంచి పంపు కూడా చస్తుంది. అంకె తయారీదారు చెప్పినంత ఉంటే పంపు నిర్దోషి. ఇప్పుడు వాల్వు తెరిచి, స్టీరింగ్‌ను ఒక కొసకు, తర్వాత రెండో కొసకు తిప్పాలి. ఒత్తిడి మునుపటి అంత పైకి రావాలి. రాకపోతే ర్యాకు లోపల నూనె జారుతోంది. బయట చుక్క కారకపోయినా ఇలా జరగవచ్చు. గేజి లేని చోట దీనికి నాసిరకం ప్రత్యామ్నాయం ఒకటుంది. ఇంజిన్‌ను నిమిషానికి 1,500 తిప్పుల దాకా పెంచితే తేలికవుతోందా చూడాలి. తేలికైతే అనుమానం పంపు, బెల్టుల మీదికి పోతుంది. సూచన వరకే పనికొస్తుంది గానీ రుజువు కాదు.

కారడం విషయానికొస్తే, నేల మీది మరక కంటే ర్యాకు చివరలనున్న రబ్బరు బూటు ఎక్కువ చెబుతుంది. దాన్ని వేళ్లతో నొక్కితే లోపల ద్రవం గళగళలాడినట్టు తెలిస్తే, చివరి సీలు పోయింది. బూటు చిరిగి ఉంటే ఆ చిరుగే మొదటి కారణం కావచ్చు. బురద నీళ్లు లోపలికి పోయి ర్యాకు కడ్డీని తుప్పు పట్టిస్తాయి, ఆ తుప్పు సీలును కోసేస్తుంది. అప్పుడు కొత్త సీలు వేసినా కొన్ని నెలలకే మళ్లీ కారుతుంది. తక్కువ ఖరీదున్న బూటును వానాకాలానికి ముందు చూసి మార్చుకోవడం ఎందుకు మంచిదో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

నూనె రంగు కూడా సాక్ష్యమే. ఎర్రటి ద్రవం నల్లబడి కాలిన వాసన వేస్తే మరిగింది, తెల్లబారితే నీళ్లో గాలో కలిశాయి, తళుకులు కనిపిస్తే లోహం అరిగి రాలుతోంది. ఏ నూనె అన్న దగ్గర జరిగే పొరపాట్లు మామూలువి కావు. అనేక కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె సరిపోతుంది, హోండా తన కార్లకు వేరే ద్రవం చెబుతుంది, పలు జర్మన్ కార్లకు ఆకుపచ్చది. డబ్బా మూత మీద రాసి ఉంటుంది, చదవాలి. బ్రేకు ఆయిల్ పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. కారణమేదైనా మరమ్మతు తర్వాత గాలి తీయాలి. చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, ఆ కొసకూ ఈ కొసకూ పదిహేను ఇరవై సార్లు నెమ్మదిగా తిప్పుతూ, తగ్గిన నూనె పోస్తూ, ఆ తర్వాతే స్టార్టు చేయాలి. ముందే స్టార్టు చేస్తే గాలి నూనెలో నలిగి నురగై రోజుల తరబడి మూలుగుతుంది.

దీపం వెలిగితే

విద్యుత్ రకంలో లోపం వస్తే స్టీరింగ్ బొమ్మ పక్కన ఆశ్చర్యార్థకంతో దీపం వెలుగుతుంది. అప్పుడు చాలామంది సరాసరి మోటారు ధర అడుగుతారు. ముందు బ్యాటరీ చూడాలి. బండి మొత్తంలో స్టార్టరు తర్వాత ఎక్కువ కరెంటు లాగే వాటిలో ఇదొకటి, పార్కింగులో పూర్తిగా తిప్పేటప్పుడు పదుల ఆంపియర్లు తీసుకుంటుంది. ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే మిగతావన్నీ పక్కన పెట్టాలి. తర్వాత తెల్లటి బూజు పట్టిన టెర్మినల్, బాడీకి పోయే ఎర్త్ తీగ, ఇంజిన్ పక్క పెట్టెలోని పెద్ద ఫ్యూజు. ఉదయం స్టార్టు చేసినప్పుడు వెలిగి, కాసేపటికి ఆరిపోయే దీపం ముసలి బ్యాటరీ పనే కావచ్చు.

ఆ తర్వాతే స్కానర్. అందులో వచ్చే కోడ్ ఫలానా భాగం చెడిందని చెప్పదు, ఫలానా సంకేతం సరిగా లేదని మాత్రమే చెబుతుంది. టార్క్ సెన్సరు రెండు సంకేతాలు పంపుతుంది. అవి ఒకదానికొకటి సరిపోలకపోతే కంట్రోల్ యూనిట్ రిస్కు తీసుకోక సాయాన్ని ఆపేస్తుంది. ఆ తేడా సెన్సరులో రావచ్చు, వదులైన కనెక్టరులోనూ రావచ్చు. ఏబీఎస్ చక్రం సెన్సరు చెడి వేగం సంకేతం పోయినా స్టీరింగ్ దీపం వెలిగే కార్లున్నాయి. ఇరుకు సందులో పదేపదే తిప్పుతూ పోతే బరువెక్కి, పది నిమిషాలు ఆగితే తేలికైతే అది లోపమే కాదు. మోటారు వేడెక్కి తనను తాను కాపాడుకుంటోంది.

ఈ రకంలోనూ నిజంగా మోటారే చెడిన ఉదంతాలు లేకపోలేదు. 2010 మార్చిలో జనరల్ మోటార్స్ ఉత్తర అమెరికాలో షెవ్రోలే కోబాల్ట్ వంటి 13 లక్షల కార్లను స్టీరింగ్ మోటారు మార్చడానికి వెనక్కి పిలిచింది. బండి పూర్తిగా అదుపు తప్పేది కాదు, గంటకు 24 కిలోమీటర్ల లోపు వేగంలో స్టీరింగ్ బాగా బరువెక్కేది.

సాయం హఠాత్తుగా పోతే, మామూలు స్టీరింగ్ ఉన్న పాత బండి కంటే పవర్ స్టీరింగ్ బండి ఎక్కువ బరువనిపిస్తుంది. సాయం ఉంటుందన్న ధీమాతో దీన్ని తక్కువ తిప్పులకే చక్రాలు ఎక్కువ మళ్లేలా తయారుచేస్తారు. పాత మామూలు స్టీరింగ్‌కు ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగు చుట్లు పడితే దీనికి మూడు చాలు. పెట్రోలు మిగులుతుందని ఘాట్ రోడ్డు దిగుతూ ఇంజిన్ ఆపేసే అలవాటు ఇందుకే ప్రమాదం. స్టీరింగ్ సాయంతో పాటు బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ కూడా రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. తాళం తీసేస్తే స్టీరింగ్ లాకే పడిపోతుంది.

ర్యాకు గానీ, టై రాడ్ ఎండ్ గానీ, కాలమ్ గానీ మార్చిన బండికి వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. విద్యుత్ రకమైతే స్టీరింగ్ యాంగిల్ సెన్సరును స్కానర్‌తో సున్నాకు తేవాలి. ఈ రెండో పని మరిచిన బండి నేరుగా పోతున్నా, తాను మలుపులో ఉన్నాననుకుంటుంది. దీపం మళ్లీ వెలుగుతుంది. బిల్లులో ఆ రెండు పనులూ రాసి ఉన్నాయో లేదో చూసుకుని డబ్బు కట్టండి.